కంచె కొనేముందు: ఇనుమా, జాలీయా, వినైలా?

ఇంటి ప్లాను గురించి నెలల తరబడి ఆలోచిస్తాం. కంచె దగ్గరికి వచ్చేసరికి డబ్బూ ఓపికా రెండూ అడుగంటి ఉంటాయి కాబట్టి వెల్డింగ్ షాపులో చూపించిన డిజైన్‌కు తలూపి వచ్చేస్తాం. అదే తర్వాత ఖర్చు పెంచుతుంది. కంచె అంతా ఒకేసారి పాడవదు. నేలను తాకేచోట, అతుకు పెట్టినచోట, నీళ్లు నిలిచేచోట పాడవడం మొదలవుతుంది. కాబట్టి సరుకు ఎంచుకునేటప్పుడు అందంకన్నా ముందు, అది ఎక్కడ చెడుతుందో అడగాలి. ఈ చిట్కాలు ఇంటివాళ్లకూ, దుకాణం, గోడౌను, బడి నడిపేవాళ్లకూ పనికొస్తాయి.

1. ఎవరిని ఆపాలో ముందు తేల్చుకోండి. పశువులనా, ఊరకుక్కలనా, దొంగలనా, దారినపోయేవాళ్ల చూపులనా? ఖాళీ ప్లాటుకు హద్దు కనిపిస్తే చాలు. రాతి కడీలు పాతి నాలుగైదు వరసల ముళ్ల తీగ లాగితే సరిపోతుంది. మనుషులుండే ఇంటి చుట్టూ మాత్రం ముళ్ల తీగ వద్దు, పిల్లల చేతులు చీరుకుపోతాయి. కుక్కలు, పందులు రాకూడదంటే కింద సందు లేని జాలీ కావాలి. పక్కింటి కిటికీ నుంచి మరుగు కావాలంటే పలకల్లాంటి ప్యానెళ్లు కావాలి. కోతుల సంగతి వేరు. వాటికి ఏ కంచె అయినా నిచ్చెనే. వాటికోసం ఎత్తు పెంచి డబ్బు తగలెయ్యకండి.

2. గుంతలు తవ్వకముందే సర్వే చేయించండి. కంచె లేచాక హద్దు గొడవ వస్తే, గెలిచినా ఓడినా స్తంభాలు పీకించే ఖర్చు ఎవరో ఒకరికి తప్పదు. స్తంభం మన వైపు ఉంటే చాలదు, దాని కింది కాంక్రీటు దిమ్మ కూడా మన హద్దులోనే ఉండాలి. ఎత్తు విషయంలో జాతీయ భవన నిర్మాణ నియమావళి ఇచ్చే కొలత ఇది: ప్రహరీ వీధి మధ్యమట్టం నుంచి 1.5 మీటర్లు దాటకూడదు, పైన 0.9 మీటర్ల భాగం గాలీ చూపూ దూరేలా జాలీగానో గ్రిల్లుగానో ఉంటే 2.4 మీటర్ల దాకా వెళ్లొచ్చు. మీ మున్సిపాలిటీ నిబంధన వేరుగా ఉండొచ్చు కాబట్టి అక్కడా ఒకసారి అడగండి.

3. గేజ్ అంకె పెరిగితే తీగ సన్నబడుతుందని గుర్తుంచుకోండి. 8 గేజ్ తీగ దాదాపు 4 మిల్లీమీటర్లు, 10 గేజ్ 3.25, 12 గేజ్ 2.64, 14 గేజ్ 2 మిల్లీమీటర్లు. ‘పన్నెండు గేజ్ జాలీ’ అని చెప్పి పద్నాలుగు గేజ్ చుట్ట దింపడం బజార్లో కొత్తేమీ కాదు. రెంటినీ పక్కపక్కన పెడితే తప్ప కంటికి తేడా తెలియదు. వెర్నియర్ కాలిపర్ ఒకటి జేబులో వేసుకుని వెళ్లండి. పీవీసీ తొడుగు ఉన్న జాలీ అయితే చివర తొడుగు ఒలిచి, లోపలి తీగనే కొలవండి. పైన ఆకుపచ్చ ప్లాస్టిక్ మందంగా వేసి లోపల దారంలాంటి తీగ పెట్టేవాళ్లున్నారు.

4. అడుగుల లెక్కన బేరమాడినా, కిలోల లెక్కన సరిచూసుకోండి. తూకం అబద్ధం చెప్పదు. గుండ్రటి కడ్డీ మీటరు బరువు తెలియాలంటే, వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే హెచ్చించి 162తో భాగించండి. 12 మిల్లీమీటర్ల కడ్డీ అయితే 144ను 162తో భాగిస్తే మీటరుకు 0.89 కిలో. మేస్త్రీలందరికీ తెలిసిన లెక్కే ఇది. స్క్వేర్ పైపులకూ ఒక గుర్తు పెట్టుకోండి. అంగుళం పైపు 20 అడుగుల బద్ద, గోడ మందం 2 మిల్లీమీటర్లుంటే ఎనిమిదిన్నర కిలోలకు పైన తూగుతుంది, 1.2 మిల్లీమీటర్లే ఉంటే అయిదున్నర కిలోలకు లోపు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకటే, రంగు వేశాక అసలే కనిపెట్టలేం. రెండంగుళాల కన్ను ఉన్న 10 గేజ్ చైన్‌లింక్ జాలీ చదరపు మీటరుకు రెండున్నర కిలోలకు తగ్గితే ఎందుకు తగ్గిందో నిలదీయండి.

5. మెరుపు చూసి జింక్ ఎంతుందో చెప్పలేం. ఈ ఒక్క విషయంలో కాస్త ఎక్కువసేపు నిలబడాలి, ఎందుకంటే ఇనుప కంచె ఆయుష్షులో సగం ఇక్కడే తేలిపోతుంది. బజార్లో జీఐ పైపు అని అమ్మేవాటిలో రెండు రకాలున్నాయి. రేకుకు ముందే పల్చగా జింక్ పట్టించి, ఆ తర్వాత పైపుగా మలిచినది ఒకటి. దాని మీద 120 జీఎస్ఎం అని రాసుంటే, చదరపు మీటరు రేకుకు రెండు వైపులా కలిపి 120 గ్రాముల జింక్ అని అర్థం. ఒక్కో వైపు సుమారు ఎనిమిది మైక్రాన్లే. రెండో రకం, కోతా వెల్డింగూ అన్నీ అయ్యాక మొత్తం ముక్కను 450 డిగ్రీల దగ్గర కరిగిన జింక్ తొట్టిలో ముంచి తీసినది. హాట్ డిప్ అంటారు. 5 మిల్లీమీటర్లు, ఆపైన మందమున్న ఇనుముకు భారతీయ ప్రమాణం ప్రకారం చదరపు మీటరుకు 610 గ్రాముల జింక్ పట్టాలి. అది దాదాపు 85 మైక్రాన్లు. సన్నటి ఇనుముకు కొంత తక్కువ పడుతుంది.

ఉప్పుగాలి సోకే ఊళ్లలో జింక్ పొర ఏడాదికి రెండు నుంచి నాలుగు మైక్రాన్ల దాకా తరిగిపోతుంది. విశాఖ బీచ్ రోడ్డు వెనక వీధిలోనో, కాకినాడ, మచిలీపట్నాల్లోనో ఎనిమిది మైక్రాన్ల పూత ఎన్నాళ్లుంటుందో మీరే లెక్క వేసుకోండి. అదే పైపు అనంతపురంలో, మహబూబ్‌నగర్‌లో చాలాకాలం నిలుస్తుంది, అక్కడ హాట్ డిప్ ఖర్చు అందరికీ అవసరం లేదు. తీరప్రాంతంలో మాత్రం బేరం ఇంకెక్కడైనా ఆడండి, జింక్ దగ్గర వద్దు. హాట్ డిప్‌కు పంపే గ్రిల్లులో మూసిన పైపులుంటే ముందే రంధ్రాలు పెట్టించాలి. లేకపోతే తొట్టిలో ముంచినప్పుడు లోపలి గాలీ తడీ వేడెక్కి పైపు పేలే ప్రమాదముంది.

6. అతుకుల మీద సిల్వర్ పెయింట్ పూసి అయిందనిపిస్తే ఒప్పుకోకండి. గాల్వనైజ్ చేసిన పైపును వెల్డ్ చేస్తే ఆ చుట్టూ జింక్ తెల్లటి పొగై ఎగిరిపోతుంది. మిగిలేది ఉత్త ఇనుము. సిల్వర్ పెయింట్‌లో ఉండేది అల్యూమినియం పొడి, జింక్ చేసే పని అది చేయలేదు. వెల్డింగ్ పొక్కులు గ్రైండరుతో తీయించి, వైర్ బ్రష్ కొట్టించి, జింక్ రిచ్ ప్రైమరు రెండు పూతలు వేయించండి. ఆ తెల్లపొగ పీల్చిన వెల్డరుకు రాత్రికి చలిజ్వరం వస్తుంది. మీ ఇంటి పని చేసే మనిషే కదా, గది లోపల కాకుండా ఆరుబయట చేయమని చెప్పండి.

మామూలు ఎంఎస్ ఇనుమైతే నల్లటి పైపొర, తుప్పు పూర్తిగా గీకించాకే రెడ్ ఆక్సైడ్. ఆ పైన ఎనామెల్ రెండు కోట్లు. ప్రైమరు వేసి వర్షంలో నెలలకొద్దీ వదిలేస్తే దాని కిందే తుప్పు పాకుతుంది. పౌడర్ కోటింగ్ చూడ్డానికి నున్నగా బావుంటుంది కానీ, ఉత్త ఇనుము మీద వేసిన దానికి ఒక్క గీత పడితే తుప్పు ఆ పొర కిందనుంచే పాకి పొట్టులా లేస్తుంది. జింక్ మీద పౌడర్ కోటింగ్ వేస్తేనే రెండు విధాలా లాభం.

7. పైపు నోళ్లు మూయించండి. స్తంభాల పైన మూతలు లేకపోతే వాననీరు లోపలికి దిగి, ఎండేదారి లేక అక్కడే నిలుస్తుంది. బయట ఏటా రంగు వేస్తూనే ఉంటాం, పైపును తుప్పు లోపలినుంచి తినేస్తూ ఉంటుంది. పైన మూత, అడుగున నీరు జారిపోయే చిన్న రంధ్రం ఉంటే చాలు.

8. స్టెయిన్‌లెస్ స్టీలును అయస్కాంతంతో పరీక్షించి మోసపోకండి. అంటుకోకపోతే మంచి స్టీలు అన్న మాట సగమే నిజం. 304 అంటుకోదు, తక్కువ రకం 202 కూడా అంటుకోదు. 304లో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం దాకా ఉంటాయి. 202లో నికెల్ తగ్గించి మాంగనీసుతో భర్తీ చేస్తారు. ధరలో తేడా అందుకే. దుకాణాల్లో చిన్న బ్యాటరీతో కలిపి వాడే చుక్కమందు ఉంటుంది, 202 మీద వేస్తే ఎర్రబారుతుంది. మీ ముందే వేసి చూపించమనండి. సముద్రానికి దగ్గరుంటే 304 మీద కూడా గోధుమరంగు మచ్చలు వస్తాయి. అక్కడ 2 నుంచి 3 శాతం మాలిబ్డినం కలిసిన 316 రకం వాడాలి. ఇంకోమాట: గచ్చు కడగడానికి వాడే యాసిడ్ చుక్కలు పడితే ఏ స్టీలైనా మరకలు పడుతుంది. పడిన వెంటనే నీళ్లు కొట్టండి.

9. అల్యూమినియం బరువులో ఇనుముకు మూడోవంతే, ఎర్రతుప్పు పట్టదు. మేడమీద పిట్టగోడ పైన అదనపు బరువు పెట్టలేని చోట ఇదే మేలు. గట్టిగా లాగితే వంగుతుంది కాబట్టి వీధివైపు దొంగల భయం ఉన్న చోట వద్దు. ఇనుప బోల్టులతో నేరుగా బిగిస్తే తడి తగిలినప్పుడు కలిసేచోట అల్యూమినియం తినుకుపోతుంది. మధ్యలో ప్లాస్టిక్ వాషర్లు వేయించండి.

10. వినైల్‌ను దాని బలం తెలిసి కొనండి. వినైల్ అంటే మన కిటికీల్లో వాడుతున్న యూపీవీసీ కుటుంబమే. తుప్పు లేదు, చెదలు లేవు, ఏటా రంగు బెడద లేదు. రోజూ నీళ్లు కొట్టి కడిగే తినుబండారాల యూనిట్లు, నర్సరీలు, చిన్నపిల్లల ఆటస్థలాలు దీనికి తగిన చోట్లు. దొంగలను ఆపడానికి మాత్రం పనికిరాదు. లోపల గుల్లగా ఉండే పలకలు కాలితో తంతే పగులుతాయి. గేదె ఒరుసుకున్నా, కోతుల గుంపు ఊగినా అదే గతి.

అసలు పరీక్ష ఎండ. ఎనభై డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి పీవీసీ మెత్తబడుతుంది. రెంటచింతల, రామగుండం ఎండల్లో ముదురు రంగు పలక గాలికన్నా ఎంతో ఎక్కువ వేడెక్కుతుంది కాబట్టి తెలుపు, లేత రంగులే తీసుకోండి. వేడికి సాగడంలోనూ ఇనుముకూ దీనికీ పోలిక లేదు. ఎనిమిదడుగుల పలక ముప్ఫై డిగ్రీల తేడాకు నాలుగు మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది, అదే పొడవు ఇనుము ఒక మిల్లీమీటరు కూడా సాగదు. అందుకే పలకలను స్తంభాల గాడిలో కొంత ఖాళీ వదిలి కూర్చోబెట్టాలి. గ్రిల్లు పనికి అలవాటుపడిన మనిషి దీన్ని రెండు చివరలా స్క్రూలు బిగించేస్తే మొదటి మే నెలకే విల్లులా వంగుతుంది. ఎండకు తట్టుకోవడానికి ఇందులో టైటానియం డయాక్సైడ్ కలుపుతారు. చౌక సరుకులో అది తగ్గించి సుద్దపొడి పెంచుతారు. అలాంటి పలక రెండు మూడేళ్లలో పసుపెక్కి, చేత్తో రుద్దితే తెల్లపొడి రాలుతుంది. రాతపూర్వక హామీలో రంగు వెలవడం గురించి ఏం రాశారో చదివే కొనండి. పొడవాటి అడ్డపలకల లోపల అల్యూమినియం బద్ద ఉందో లేదో కోసిన చివర చూస్తే తెలుస్తుంది. కంచె పక్కన ఎండాకులు తగలబెట్టే అలవాటుంటే ఈ రకం జోలికే వెళ్లకండి. పీవీసీ కాలితే వచ్చే పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది, ఊపిరితిత్తులకు చాలా చేటు.

11. మూసిన ప్యానెల్ అంటే గాలికి అడ్డం నిలబెట్టిన తెరచాప. విశాఖ ప్రాంతానికి ఇంజినీర్లు లెక్కలోకి తీసుకునే గాలివేగం సెకనుకు 50 మీటర్లు, హైదరాబాద్‌కు 44. యాభై మీటర్ల వేగమంటే చదరపు మీటరుకు సుమారు 150 కిలోల తోపు. ఆరడుగుల ఎత్తు, ఎనిమిదడుగుల వెడల్పున్న ఒక్క ప్యానెల్ మీద పడేది 650 కిలోలకు పైన. 2014లో హుద్‌హుద్ తుపాను చూసినవాళ్లకు ఈ అంకెలు విడమరచి చెప్పక్కర్లేదు. తీరంలో మరుగు కావాలంటే కింద మూడడుగుల గోడ కట్టి, పైన సందులున్న పలకలు పెట్టండి. జాలీ మీద మాలతి తీగో కాగితపు పూలచెట్టో దట్టంగా పాకించినా గాలి దృష్టిలో అది మూసిన ప్యానెలే. పైగా ఆకుల చాటున తడి ఆరదు.

12. స్తంభం పాదం దగ్గర లోభం వద్దు. ఆరడుగుల కంచెకు కనీసం రెండడుగుల లోతు, నల్లరేగడిలో మూడడుగులు, ఇంకా లోతైనా తప్పులేదు. రేగడి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చి స్తంభాన్ని ఏటా కొంచెం కొంచెం ఎత్తుతుంది. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ వైపు వంకర తిరిగిన కంచెలు కనిపించేది అందుకే. కాంక్రీటు నేలమట్టానికి రెండంగుళాలు పైకి తెచ్చి నాలుగు వైపులా వాలు తీయించండి, నీరు పైపు మొదట్లో ఆగదు. స్తంభాల మధ్య ఎనిమిది నుంచి పదడుగులు చాలు. మూలల్లో, గేటు పక్కన, పొడవైన వరసలో ప్రతి వందడుగులకూ వాలు ఊతలు ఉండాలి. జాలీకి పైన, మధ్యన, కింద మూడు లైను వైర్లు లాగకపోతే ఏడాదికే బొజ్జ దిగుతుంది.

13. కమ్మీల మధ్య సందు నాలుగంగుళాలు దాటనివ్వకండి, పసిపిల్లల తల దూరకుండా. బల్లెం మొనల డిజైన్లు ఛాతీ ఎత్తులో ఎంత అందంగా ఉన్నా వద్దు. ఎక్కబోయి జారిన పిల్లలకు ప్రాణాపాయం.

14. వ్యాపార స్థలాలకు కనిపించే కంచె మేలు. గోడౌను చుట్టూ పూర్తిగా మూసిన రేకులు పెడితే లోపలి సరుకుతోపాటు లోపలికి దూరిన దొంగ కూడా కనిపించడు. సీసీ కెమెరా, కాపలామనిషి, దారినపోయేవాళ్లు ముగ్గురూ చూడగలిగే వెల్డెడ్ మెష్ మంచిది. విలువైన సరుకుంటే 358 మెష్ అడగండి. మూడంగుళాలు, అరంగుళం కన్ను, 8 గేజ్ తీగ అన్నదే ఆ అంకె. కన్ను అంత సన్నగా ఉంటే కాలివేలు పెట్టి ఎక్కలేరు, మామూలు కట్టర్ ముక్కు దూరదు. ఆటస్థలానికి చైన్‌లింక్ చాలు, బంతి తగిలితే సాగి సర్దుకుంటుంది. ఫైర్ ఇంజిన్ వచ్చి తిరిగే దారికి అడ్డంగా మాత్రం కంచె గానీ స్తంభం గానీ వేయకండి.

15. గేటు బరువును కంచె స్తంభం మీద వేయకండి, దానికి వేరే లావైన స్తంభం పెట్టించండి. పక్కకు జరిగే గేటుకు రెండు చివరలా ఆపే దిమ్మెలు, పైన పట్టి ఉంచే గైడు రోలర్లు తప్పనిసరి. పట్టాలు దాటిన గేటు మీదపడితే పెద్దవాళ్లు కూడా తప్పించుకోలేరు.

16. అమెరికాలో ఇల్లు కొన్న మనవాళ్లకు వినైల్ కంచె మామూలే, కానీ కొనేముందు కొన్ని పనులున్నాయి. కాలనీలో హోమ్ ఓనర్స్ అసోసియేషన్ ఉంటే రంగు, ఎత్తు, నమూనాలకు ముందే వాళ్ల అనుమతి తీసుకోండి. గుంతలు తవ్వేముందు 811కు ఫోన్ చేస్తే భూమిలోని గ్యాస్, కరెంటు లైన్లకు గుర్తులు పెట్టి వెళ్తారు. ప్యానెళ్లు ఏఎస్‌టీఎం ఎఫ్ 964 ప్రమాణానికి సరిపోయేవే అయ్యుండేలా చూసుకోండి. బార్బెక్యూ పొయ్యి, కొత్తరకం కిటికీ అద్దాల నుంచి తిరిగి కొట్టే ఎండ, రెండూ పలకలను వంచేస్తాయి. గడ్డకట్టే చలిలో వినైల్ పెళుసెక్కుతుంది. డాలస్ చుట్టుపక్కల నేల మన రేగడికి చుట్టమే, స్తంభాల లోతు విషయంలో పైన చెప్పిందే అక్కడా వర్తిస్తుంది.

17. బిల్లు మీద ‘గ్రిల్ పని, మొత్తం’ అని ఒక్క వరసలో రాయించుకోకండి. పైపు కొలత, గోడ మందం, గేజ్, జింక్ గ్రాములు, ప్రైమరు రకం, కోట్ల సంఖ్య, స్తంభం లోతు విడివిడిగా ఉండాలి. డబ్బులో కొంత భాగం మొదటి పెద్ద వాన పడ్డాక ఇస్తానని ముందే మాట్లాడుకోండి. ఏ అతుకు దగ్గర తుప్పు చార కారిందో అప్పుడే బయటపడుతుంది.

18. పందులు, కోతులు, దొంగలు ఎవరి బెడద ఉన్నా కంచెకు ఇంటి కరెంటు ఇవ్వకండి. సోలార్ ఫెన్సింగ్ యంత్రం సెకనుకోసారి, సెకనులో అతి చిన్న భాగం మాత్రమే షాక్ ఇచ్చి వదిలేస్తుంది, చెయ్యి వెనక్కి తీసుకునే అవకాశం ఇస్తుంది. లైను నుంచి నేరుగా కలిపిన తీగ పట్టుకున్నవాణ్ని వదలదు. పొలాల్లో అలా పోయిన ప్రాణాల్లో పందులకన్నా పక్క చేను రైతులు, నీళ్లు పెట్టడానికి రాత్రిపూట వెళ్లిన సొంతమనుషులే మనకు గుర్తుంటారు. ఇలా కంచెకు కరెంటు కలపడం నేరం కూడా. మీ కంచెకు గానీ, మీకు తెలిసినవాళ్ల కంచెకు గానీ మోటారు స్టార్టరు నుంచో ప్లగ్గు నుంచో తీగ కలిపి ఉంటే, దయచేసి ఈ రోజే తీయించండి.